ప్లేటు కొత్తదే, మరి క్లచ్ ఎందుకు జారుతోంది?

ప్రశ్న: మాది 1998 మోడల్ 35 హెచ్‌పీ ట్రాక్టరు. వరి మడి దమ్ముకు ముందు బండి విడదీయించి క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కొత్తవి వేయించాను. నెల తిరక్కముందే కల్టివేటరు దింపితే ఇంజను అరుస్తోంది గానీ బండి లాగడం లేదు. కాలిన వాసన కూడా. నకిలీ ప్లేటు అంటగట్టారనిపిస్తోంది. షాపులో ఇంకాస్త ఖరీదైంది వేసుకోమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక రైతు, ఆనందపురం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: రెండో ప్లేటు ఇప్పుడే కొనకండి. నకిలీ సరుకు లేదని అనను. కానీ మీ లక్షణాలు చూస్తే నా అనుమానం ప్లేటుకు అంటిన ఆయిలు మీద.

ముందు పెడల్ ఫ్రీప్లే, అంటే క్లచ్ విడవడం మొదలయ్యేలోపు పెడల్ ఖాళీగా కదిలే దూరం, కొలవండి. చాలా పాత మోడళ్లలో 20–30 మి.మీ. ఉండాలి, మీ మాన్యువల్‌లో ఉన్న అంకే ఖాయం. అసలు ఆట లేకపోతే రిలీజ్ బేరింగు ప్రెషర్ ప్లేటు ఫింగర్లను (పట్టు వదిలించే మీటలను) నొక్కుతూనే ఉంటుంది, ప్లేటు జారుతుంది. అది కాసేపటి పని, ఖర్చు లేదు.

అది సరిగానే ఉంటే ఇంజను ఆపి క్లచ్ హౌసింగు అడుగున స్ప్లిట్ పిన్ను వేలాడే రంధ్రం చూడండి. నల్లగా, పల్చగా కారితే ఇంజను క్రాంకు షాఫ్టు వెనక ఆయిలు సీలు పోయింది. చిక్కగా, ఘాటు వాసనతో ఉంటే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు సీలు. బండి విడదీసినప్పుడే ఈ రెండూ మార్చి ఉండాల్సింది. ఆ చిన్న ఖర్చు మీకు షాపులో ఎవరూ చెప్పలేదు చూశారా! ఆయిలు పీల్చిన ప్లేటును పెట్రోలుతో కడిగినా లాభం లేదు, వేడెక్కగానే మళ్లీ ఊరుతుంది. మార్చాల్సిందే, కానీ సీలు మార్చాకే.

ఆ రంధ్రం పొడిగా ఉంటే ఫ్లైవీలు (క్లచ్ ప్లేటు ఆనే ఇంజను చక్రం) చూడండి. నీలం మచ్చలు, సన్న పగుళ్లు, గాట్లు ఉంటే గాజువాక ఆటోనగర్‌లో లేతు పట్టించండి. పగుళ్లు లోతుగా ఉంటే మార్చడమే. గట్టు ఉన్న ఫ్లైవీలైతే రెండు మట్టాలూ (ప్లేటు తగిలేదీ, ప్రెషర్ ప్లేటు బిగించేదీ) సమానంగా కోయమని గట్టిగా చెప్పండి, ప్లేటు తగిలే మట్టం ఒక్కటే కోస్తే పట్టు తగ్గుతుంది. ఫింగర్ల ఎత్తు కంటితో కాదు, గేజితో సరిచేయాలి.

ఇక డ్రైవరు సంగతి. దమ్ములో కేజ్ వీల్స్‌తో (బురదకు వేసే ఇనుప చక్రాలతో) హాఫ్ క్లచ్ మీద నడిపి, మిగతా వేళ పెడల్ మీద కాలు ఆనించి కూర్చుంటే ఏ కంపెనీ ప్లేటూ నిలవదు. మీరు రాసిన కాలిన వాసనలో సగం ఆ కాలిదే కావచ్చు. దమ్ము అయ్యాక ఆ స్ప్లిట్ పిన్ను కదిలించి చూడండి, బురదతో బిగుసుకుంటే నీరూ ఆయిలూ లోపలే నిలుస్తాయి. కొత్త ప్లేటు వేశాక మొదటి ఒకట్రెండు రోజులు ట్రాలీ తేలికగా లాగించండి, ఆ తర్వాతే కల్టివేటరు.