పికాసో ‘వీపింగ్ వుమన్’: ఆ ముక్కల ముఖాన్ని ఎలా చూడాలి

పికాసో 1937లో వేసిన ‘వీపింగ్ వుమన్’ (ఏడుస్తున్న స్త్రీ) బొమ్మ చూసి, ముఖం అలా ముక్కలు చేశాడంటే ఆవిడ మీద కోపమేనా, దీని గురించి ఏం రాయాలో తోచట్లేదు అన్నారు కదండీ. ముందు ఆ కోపం సంగతి పక్కన పెట్టి నోటి దగ్గర చూడండి. మిగతా ముఖమంతా పసుపు, ఆకుపచ్చ, అక్కడ మాత్రం తెలుపు నీలం కలిసి పగిలిన గాజులా పదునుగా ఉంటుంది, అది ఆవిడ పళ్ళ మధ్య కొరికి పట్టుకున్న రుమాలు, వేళ్ళెక్కడ రుమాలెక్కడ పళ్ళెక్కడ అని విడదీయలేం, నిజంగా వెక్కివెక్కి ఏడ్చేటప్పుడు మనిషి ముఖం అలాగే అదుపు తప్పుతుంది కదా. ముక్కు పక్కనుంచి చూసినట్టు, కళ్ళు రెండూ ఎదురుగా చూసినట్టు ఉన్నాయి, అంటే ఒకే క్షణం కాదు, ఏడుపు సాగినంతసేపూ ఒకే ముఖంలో పెట్టాడు. నాకైతే అన్నిటికన్నా గుండె పిండేసేది ఆ ఎర్ర టోపీ, దాని మీద నీలం పువ్వు. ముస్తాబై బయటికొచ్చిన మనిషికి అప్పుడే చెడు కబురు తెలిసినట్టుంటుంది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో, స్పెయిన్ అంతర్యుద్ధం జరుగుతుండగా, అక్కడి గెర్నికా ఊరి మీద బాంబులేశారు, దాని మీద పికాసో వేసిన ‘గెర్నికా’ అనే పెద్ద బొమ్మలో చచ్చిపోయిన బిడ్డని ఎత్తుకుని అరిచే తల్లి ఉంటుంది, ఈ ఏడుపు అక్కణ్ణుంచి కొనసాగిందే. ముఖానికి ఆధారం అప్పటి పికాసో ప్రియురాలు డోరా మార్, ఆవిడ స్వయంగా ఫొటోగ్రాఫర్, ‘గెర్నికా’ తయారవుతుంటే దశదశా ఫొటోలు తీసింది ఆవిడే. అందుకే ఇది కేవలం డోరా పోర్ట్రెయిట్ అని మాత్రం రాయకండి, యుద్ధం కూడా ఈ ముఖంలోనే ఉంది.