మందుల చీటీ చూసి వంట చెయ్యి

చి.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

బాబుకు ఏం పెట్టాలో తలా ఒక మాట చెప్పి బుర్ర తినేస్తున్నారన్నావు కదా, ఫోన్‌లో కుదరలేదు, తీరిగ్గా రాస్తున్నాను. పిల్లల క్యాన్సర్ వార్డులో నర్సుగా ఉద్యోగమంతా గడిపినదాన్ని, నా మాట కాస్త నమ్ము. బాబుకొచ్చిన లుకేమియాను, అంటే రక్త క్యాన్సర్‌ను, తగ్గించే తిండి అంటూ ఏదీ లేదు. తగ్గించేది కీమో, అంటే క్యాన్సర్ మందులు. ఆ కీమో మధ్యలో ఆగకుండా వాడి ఒంట్లో సత్తువ నిలబెట్టడమే మన వంట పని. అందుకని ఇంట్లో మెనూను నడిపించాల్సింది చుట్టాల సలహాలు కాదు, వాడికి ఆ వారం ఇస్తున్న మందులు.

ఇప్పుడు మొదటి నెల, స్టెరాయిడ్ నడుస్తోంది. అర్ధరాత్రి లేచి పులిహోర కావాలని ఏడవడం మొండితనం కాదు, ఆ మందు తెచ్చే ఆకలి అలాంటిది. మొహం గుండ్రంగా అయింది, వాడు ఒళ్లు చేశాడని మీ అత్తగారు సంబరపడుతున్నారట. పాపం ఆవిడనేం అనకు గానీ, ఆ బరువు చూసి నువ్వు మాత్రం మోసపోకు. స్టెరాయిడ్ వల్ల కొవ్వు, నీరు చేరతాయి, లోపల కండ కరుగుతుంది. తొడలు, జబ్బలు చూస్తే తెలుస్తుంది. జబ్బ చుట్టుకొలత టేపుతో కొలిచి రాసిపెట్టమని డైటీషియన్‌ని అడుగు. బరువు ఒక్కటే చూస్తే ఆ సంగతి బయటపడదు.

ఆకలి ఎలాగూ వేస్తోంది కాబట్టి దాన్ని వాడుకో. బాగా ఉడికిన గుడ్డు, ముద్దపప్పు, మెత్తగా ఉడికించిన కోడికూర, వేయించిన పల్లీల పొడి అన్నంలో కలిపి పెట్టు. రాత్రికి ఒక చిన్న గిన్నెలో వేడివేడిగా ఉప్మాయో కిచిడీయో చేసిపెట్టడానికి సిద్ధంగా ఉండు. ఈ రోజుల్లో పిల్లలకు మనసంతా ఉప్పూ కారం మీదికే పోతుంది. ఆవకాయ, చిప్స్ అడుగుతాడు. ఉప్పు ఎక్కువైతే నీరు చేరుతుంది, బీపీ పెరుగుతుంది. పచ్చడి బదులు నిమ్మకాయ పిండి నోటికి పుల్లగా చేసిపెట్టు, చాలావరకు ఊరుకుంటాడు.

స్టెరాయిడ్‌తో పాటు ఆస్పరాజినేజ్ అనే కీమో ఇంజెక్షన్ కూడా ఉంటే షుగర్ పెరగొచ్చు. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు మానిపించు. అలాగని చక్కెర క్యాన్సర్‌కి మేత అని ఎవరో అన్నారని అన్నమే తగ్గించేయకు. ఎదిగే పిల్లాడు. ఆ ఇంజెక్షన్ రోజుల్లో కడుపులో బాగా నొప్పి వచ్చి వాంతులు అయితే గ్యాస్ అనుకుని వాము నీళ్లు పట్టించొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. క్లోమగ్రంథి వాచిందేమో చూడాలి.

విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు పడితే మలబద్ధకం వస్తుంది. నీళ్లు ఎక్కువ తాగించు, బాగా కడిగి తొక్క తీసిన బొప్పాయి, ఆకుకూర పప్పు పెట్టు, డాక్టర్ రాసిన సిరప్ మానకు. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మన ఇళ్లలో విరేచనం కావడానికి తమలపాకు కాడకు ఆముదం రాసి మలద్వారంలో పెట్టే అలవాటు ఉంది, సబ్బు ముక్కా పెడతారు. రక్తంలో కణాల కౌంట్లు తక్కువున్న పిల్లాడికి అక్కడ చిన్న గీరుడు పడినా ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోతుంది. మీ అత్తగారికి ఈ విషయం ముందే చెప్పి ఉంచు.

మెథోట్రెక్సేట్ అనే కీమో మందు వచ్చే రోజుల్లో నోరు పూస్తే కారం, పులుపు, వేడి మూడూ పక్కన పెట్టి, చల్లారిన రాగిజావ, మెత్తటి పెసరపప్పు కిచిడీ ఇవ్వు. స్ట్రాతో తాగితే పుండ్లకు తగలదు.

వాంతులయ్యే కీమో రోజున వాడికిష్టమైన వంటలు చేయొద్దు. విడ్డూరంగా ఉంటుంది గానీ దీని మీద పరిశోధన జరిగింది. 1978లో ఐలీన్ బెర్న్‌స్టీన్ అనే సియాటిల్ పరిశోధకురాలు కీమోకు ముందు పిల్లలకు ఒక కొత్త రకం ఐస్‌క్రీమ్ ఇచ్చి చూసింది. ఆ తర్వాత వాళ్లలో చాలామంది ఆ ఐస్‌క్రీమ్ అంటేనే మొహం తిప్పుకున్నారు. పప్పన్నం మీద అలా విరక్తి పుడితే మనకెంత కష్టం! ఆ పూటకి ఏ బిస్కెట్టో, ఇడ్లీయో చాలు. వాంతుల మందు ఎంత ముందు వేయాలో అడిగి ఆ టైముకి వెయ్యి. పోపు వాసనకు కడుపులో తిప్పుతుంటే వాడు నిద్రపోతున్నప్పుడు వంట ముగించు.

శుభ్రత సంగతి నీకు చెప్పక్కర్లేదు. అప్పటికప్పుడు వండింది, కాచి చల్లార్చిన నీళ్లు, తొక్క ఒలిచే పండ్లు. పండ్లే వద్దంటే నమ్మకు, కోసి అమ్మేవి వద్దు. పెరుగు విషయంలో ఒక్కో ఆస్పత్రిది ఒక్కో పద్ధతి, మీ డాక్టర్ చెప్పినట్టు చెయ్యండి. గుడి తీర్థం వాడికి పొయ్యకు, కళ్లకద్దితే చాలు, దేవుడేమీ అనుకోడు.

బొప్పాయి ఆకు రసం, గోధుమగడ్డి రసం, తిప్పతీగ వద్దే వద్దు. మందులతో కాలేయం ఇప్పటికే అలసిపోయి ఉంటుంది. రక్తం పడుతుందని ఐరన్ టానిక్ కూడా సొంతంగా కొనకు, రక్తం ఎక్కించిన ప్రతిసారీ ఐరన్ ఒంట్లో చేరుతూనే ఉంటుంది. ఖరీదైన పౌడరు డబ్బాలకు అప్పు చేయకండి. డైటీషియన్ రాస్తే సరే, లేకపోతే ఆ డబ్బుతో గుడ్లు కొను.

జ్వరం 100.4 దాటితే ఏ పూటైనా సరే, ఇంట్లో మాత్ర వేసి చూడకుండా ఆస్పత్రికి బయలుదేరండి.

ఈ మొదటి నెల దాటాక ఆకలి ఒక్కసారిగా పడిపోవచ్చు, అప్పుడు కంగారు పడకు. వాడు తినగలిగిన పూట ఎక్కువ పెట్టు, తినలేని పూట వదిలెయ్యి, కొట్టి తిట్టి నోట్లో కుక్కొద్దు. మందులు మారినప్పుడల్లా చీటీ ఫొటో తీసి వాట్సాప్ చెయ్యి, చూసి సాయంత్రం ఫోన్ చేస్తాను.

మీ పెద్దమ్మ