మిద్దెతోట ముచ్చట్లు: మిగిలిన గోంగూర అమ్ముకోవచ్చా?

ప్రశ్న: మాది నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. టెర్రస్ మీద ఎనిమిది మందిమి కలిసి మిద్దెతోట వేశాం. గోంగూర, బచ్చలి, బీరకాయలు ఇంటింటికీ పంచినా మిగిలిపోతున్నాయి. అమ్ముదామంటే ‘టెర్రస్ అందరిదీ, డబ్బు మీకెలా వస్తుంది?’ అంటున్నారు. అమ్మొచ్చా? లైసెన్సు కావాలా?
– ఒక పాఠకురాలు, నిజాంపేట, హైదరాబాద్

జవాబు: నిక్షేపంగా అమ్మండమ్మా. అయితే వాళ్లు అడిగినదాంట్లో తప్పేం లేదు. టెర్రస్ ఉమ్మడిది, మోటారు కరెంటు బిల్లు మెయింటెనెన్స్‌లోంచే పోతుంది. చాకిరీ మాత్రం మీది. కాబట్టి అసోసియేషన్ మీటింగులో పెట్టి మినిట్స్‌లో రాయించండి. విత్తనాలు, వర్మీకంపోస్టు, కుండీల ఖర్చు పోగా మిగిలినదాంట్లో కొంత అసోసియేషన్‌కి, మిగతాది తోటకే. మీ ఎనిమిది మందీ పంచుకుంటామంటే మాత్రం నేను వద్దంటాను. ఎవరెన్ని రోజులు నీళ్లు పోశారన్న లెక్క మొదలైతే, నీళ్లు పోసేవాళ్లే ఉండరు.

పచ్చి కూరగాయల మీద జీఎస్టీ లేదు. 2006 నాటి ఆహార భద్రత చట్టం కూడా రైతు చేతిలో ఉన్న ముడి పంట జోలికి పోదు. గేటు లోపల మీలో మీరు అమ్ముకునే నాలుగు కట్టలకి నేనైతే టెన్షన్ పడను. అదే గోంగూర పచ్చడి పట్టి సీసాల్లో అమ్మాలంటే ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిందే. రైతు బజారు ఆలోచన వద్దు. 1999లో పెట్టినవి గుర్తింపు కార్డున్న రైతుల కోసం.

‘ఆర్గానిక్’ అని బోర్డు పెట్టాలని అందరికీ సరదా. 2017 నుంచి దానికీ నియమాలున్నాయి. సర్టిఫికెట్ లేకుండా ప్రభుత్వ ఆర్గానిక్ ముద్ర వేయకూడదు. ‘పశువుల ఎరువు, వేపనూనె వాడాం’ అని ఉన్నది ఉన్నట్టు రాయండి, కొనేవాళ్లకి అది చాలు. మీ అపార్ట్‌మెంట్‌లో మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉందా? ఆ నీళ్లు పూలమొక్కలకి సరే. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనాకి మాత్రం పెట్టకండి. పెట్టినవి అసలు అమ్మకండి.

ధర దగ్గర నాదో పట్టింపు. మీ గేటు ముందుకి ఆకుకూరల గంపతో వచ్చే ఆవిడ ఎంతకిస్తే మీరూ అంతకే ఇవ్వండి, తగ్గించొద్దు. మీకది కాలక్షేపం, ఆవిడకి బతుకుతెరువు.

శనివారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో ఏమున్నాయో పెట్టి, ఆర్డరు వచ్చినంతే ఆదివారం ఎండెక్కకముందు కోయండి. గోంగూర, బచ్చలి కొమ్మలు తుంచితే మళ్లీ చిగురిస్తాయి, పీకకండి. బీరకాయ మాత్రం ఆర్డరు కోసం ఆగదు. రెండ్రోజులు ఆలస్యమైతే పీచు పడుతుంది. లేతగా ఉన్నప్పుడే కోసి ఫ్రిజ్‌లో పెట్టండి. ముదిరినదాన్ని ఎవరికీ అంటగట్టకుండా విత్తనానికి వదిలేయండి.