బోరులో బంకమన్ను ఎందుకొచ్చింది?

ప్రశ్న: సార్, మాకు మూడెకరాల చీనీ తోట ఉంది. పాత బోరు ఎండిపోతే మొన్న పాయింట్ పెట్టించి, టెంకాయ కొట్టి కొత్తది వేయించినాం. రెండొందల అడుగుల దాకా దుమ్మే లేచింది. ఆ తర్వాత ఎర్రటి బంకమన్ను ముద్దలు ముద్దలుగా వచ్చింది, రాడ్లు ఇరుక్కుంటాయని రిగ్గు వాళ్లు ఆపేసినారు. చుక్క నీళ్లు లేవు. గట్టుకు అవతల, వంద అడుగులు కూడా ఉండదు, మా చిన్నాయన బోరులో రెండంగుళాల నీళ్లు! ఆయన చేను మాకన్నా మిట్టన ఉంది కూడా. మా పాత బావి గోడలో ఒకచోట రాయి అద్దంలా నున్నగా, దువ్వెనతో గీసినట్టు గీతలతో ఉంటుంది. అది చూసినాయన ఒకరు ఇక్కడ ఫాల్ట్ ఉందన్నారు. ఫాల్ట్ ఉంటే నీళ్లుండాలి కదా?
– చీనీ రైతు, కళ్యాణదుర్గం దగ్గర, అనంతపురం జిల్లా

జవాబు: ఆ నున్నటి రాయి సంగతి మీరు రాయకపోతే నేనూ ఏదో అందాజుగా చెప్పేసేవాణ్ణి. ఒకప్పుడు రెండు పెద్ద రాతి దిమ్మెలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జరిగితే ఆ ఒరిపిడికి రాయి అలా నునుపెక్కుతుంది, గీతలు ఎటు పోతే దిమ్మె అటు జరిగిందన్నమాట. దిమ్మెలు అలా జరిగిన పగులునే ఫాల్ట్ అంటారు. ఈసారి బావిలో దిగినప్పుడు వేలితో తడిమి చూడండి, ఒకవైపు జారినట్టూ రెండోవైపు కాస్త గరగరగానూ తగలొచ్చు.

ఫాల్ట్ అంటే చాలామంది ఒక గీత అనుకుంటారు. నిజానికి అది ఒక పట్టీ. మధ్యలో, దిమ్మెలు ఒరుసుకున్న చోట, గ్రానైటు తిరగట్లో పడ్డ గింజలా పిండి పిండి అయిపోతుంది, ఆ పిండిలోకి నీళ్లు దిగి లక్షల ఏళ్లు నానబెడితే అందులోని ఖనిజాలు బంకమన్నుగా మారతాయి. మీ రాడ్లకు అంటుకున్నది అదే అయ్యుంటుంది. అందులోంచి నీళ్లు పారవు. దానికి అటూ ఇటూ మాత్రం రాయి చిట్లి, నెర్రెలు విచ్చి ఉంటుంది, దూరం పోయేకొద్దీ నెర్రెలు తగ్గుతాయి. మీ రిగ్గు వాళ్లు 'గ్యాప్ తగిలింది' అని సంబరపడేది ఆ నెర్రెల్లోనే. అందుకే ఒకే ఫాల్ట్ పొడవునా నీళ్లు బాగా నడుస్తాయి, దానికి అడ్డంగా దాటబోతే ఆగిపోతాయి.

ఇక మీ చిన్నాయన అదృష్టం. మిట్ట నుంచి దిగొచ్చే నీళ్లకు ఆ బంకమన్ను భూమిలోపల చెరువు కట్టలా అడ్డం పడితే, ఎగువ వైపు నిలిచిపోతాయి. ఆయన బోరు కట్టకు పైన, మీది సరిగ్గా కట్టలో. మన జిల్లాలో నల్లరాతి డైకులు, అంటే నేలలోపల గోడలా నిలబడ్డ నల్లరాయి, కూడా చాలాచోట్ల ఇదే పని చేస్తాయి.

ఇంకో చిక్కుంది, నెర్రెలు ఎల్లకాలం తెరిచి ఉండవు. వాటిలో పారిన నీళ్లే పలుగురాయిని పేర్చి పూడ్చేస్తాయి. రామగిరి బంగారం దొరికింది కూడా అట్లా ఏర్పడిన పలుగురాతి చారల్లోనే. కాబట్టి బోరులో తెల్ల పలుగు పడితే నీళ్లు వచ్చినట్టే అని ఎవరైనా అంటే నమ్మేయకండి, అది గట్టిగా ఉందా, పగిలి ఉందా అన్నది చూడాలి.

అదే గుంతను వెయ్యి అడుగులకు దించమని ఎవరన్నా చెబితే వద్దనండి. లోతుకు పోయేకొద్దీ బరువుకు నెర్రెలు మూసుకుంటాయి. బావిలోని ఆ రాయి ఎటు వాలి ఉందో చూపించి, ఫాల్టుకు అడ్డంగా ఒక వరసలో విద్యుత్ సర్వే (నేలలోకి కరెంటు పంపి లోపలి తేడాలు పసిగట్టేది) చేయించండి, దాని పొడవునా చేయిస్తే తేడా తెలీదు. ఫలితం చూశాక ఎగువ వైపుకు జరగండి. అయితే చిన్నాయన బోరూ మీదీ ఒకే నెర్రెల్లోంచి తాగుతాయి, ముందే ఆయనతో మాట్లాడుకోవడం మేలు.

ప్రశ్న: ఫాల్ట్ ఉందంటే భూకంపం వస్తుందా సార్? ఇన్ని బోర్లు వేస్తున్నారు, టెన్షన్‌గా ఉంది.
– డిగ్రీ విద్యార్థిని, కడప

జవాబు: మన వైపు ఫాల్టుల్లో చాలా వరకు కోట్ల ఏళ్లుగా నిద్రపోతున్నవే. ఫాల్టు కదలాలంటే దాన్ని నొక్కిపట్టిన బిగువు సడలాలి, లోపల నీటి ఒత్తిడి పెరిగితే ఆ బిగువు సడలుతుంది. అమెరికాలో డెన్వర్ దగ్గర 1962లో సుమారు 3.6 కిలోమీటర్ల లోతు బావిలోకి వ్యర్థ జలాలను పంపుతో దట్టించారు, రెండు నెలలు తిరక్కుండానే నేల కంపించడం మొదలైంది. 1966లో ఆపేశారు, అయినా అన్నిటికన్నా పెద్ద కుదుపులు 1967లో వచ్చాయి, ఎందుకంటే ఆ ఒత్తిడి నెర్రెల వెంట ఇంకా పాకుతూనే ఉంది. మన బోర్లు లోతు తక్కువవి, పైగా నీళ్లను తోడేవే గానీ దట్టించేవి కావు. వాటి వల్ల భూకంపం వస్తుందని మీరు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.