ఫైలు ఏడ పెట్టిన్నో యాదికొస్తలేదు సర్!

ప్రశ్న: సర్, నేను నల్గొండల ఒక ఆఫీసుల జూనియర్ అసిస్టెంట్‌ను, రోజు మిర్యాలగూడ నుంచి బస్సుకు వస్త. పొద్దంత ఏదో ఒకటి చేస్తనే ఉంట గని సాయంత్రం జూస్తే ఒక్క ఫైలు గూడ కదిలి ఉండది. మొన్న మా సార్ ఒక ఫైలడిగితే అరగంట ఎతికిన, తీరా జూస్తే నా టేబుల్ మీదనే ఉన్నది. వాట్సప్ గ్రూపులే ఏడు ఉన్నయ్. ఏం జేయాలె?

జవాబు: తమ్ముడూ, నీది టేబుల్ మీద దొరికింది నయమే, నాకొకసారి నా కుర్చీలనే దొరికింది, పొద్దటి సంది దాని మీదనే కూసున్న!

పర్సనల్ రిజిస్టర్, అంటే నీకొచ్చిన ప్రతి కాయితం, దాని మీద ఏం జేసినవో ఎక్కించే పుస్తకం, ఎప్పుడు రాస్తున్నవో చెప్పలేదు నువ్వు. చెకింగ్ ఉందనంగ ఒక్కరోజు కూసొని నెలంతది గీకుతున్నవంటే రోగం ఆడనే ఉన్నది. కాయితం తపాల్ల వస్తే దానికి ఇన్‌వార్డ్ నంబరన్న పడ్తది. సార్ నడుసుకుంట పోతా "ఆ దేవరకొండ రిపోర్టు సంగతి జూడు" అంటడు, గ్రూపుల "అర్జెంట్, ఈరోజే" అని పడ్తది, వీటికి ఏ నంబరూ లేదు, పొద్దంత నీ తలకాయలనే తిరుగుతుంటయ్. నోటిమాట గూడ తపాలే అనుకొని ఒక నోట్‌బుక్‌ల రాయి, ఎవరు చెప్పిన్రు, ఎప్పటికి కావాలె, అంతే. ఆర్టీఐ దరఖాస్తుకు 30 రోజుల గడువుంటది గద, నువ్వు మాత్రం 20వ రోజు మీదనే ఎర్రపెన్నుతోని గుర్తు పెట్టు, ఎందుకంటే సమాచారం ఇయ్యాల్సిన పక్క సెక్షనాయన గూడ నీలెక్కనే ఫైలు ఎతుకుతుంటడు.

సోమవారం జనం అర్జీలు తెచ్చే ప్రజావాణి ఉంటే ఆరోజు పెద్ద నోట్‌ఫైలు ముట్టకు, సగంల ఆగుతది.

ఇటలీల ఫ్రాంచెస్కో సిరిల్లో అని ఒకాయన టమాట ఆకారం ఉన్న వంటింటి టైమర్ పెట్టుకొని 25 నిమిషాలు ఒక్కటే పని జేసేటోడు, దానికి పొమొడొరో అని పేరైంది, అంటే వాళ్ల భాషల టమాటనే. మన ఆఫీసుల 25 నిమిషాల్ల నలుగురొస్తరు, మధ్యల చాయొస్తది, నడువది. ఆఫీసు పదిన్నరకు గద, పదికే దించే బస్సెక్కు, ఫోను డ్రాయర్ల పడేసి ఆ అరగంటల కష్టమైన ఫైలొక్కటి పట్టు. గ్రూపులు మ్యూట్‌ల పెట్టి పన్నెండుకోసారి, నాలుగుకోసారి చూస్తే సాలు, నిజంగ అర్జెంటైతే సార్ ఫోనే చేస్తడు.

పోయేటప్పుడు రేపటి ఫైలొక్కటే టేబుల్ మీద ఉంచి మిగతాయన్ని బీరువాల పెట్టు. తాళంచెవి ఏడుందో మాత్రం ఎవరికన్న చెప్పు, నువ్వు లీవుల ఉన్ననాడే ఆ ఫైలు అడుగుతరు.