12 బోర్ తుపాకీ భుజాన్ని తన్నుతుంటే ఏం మార్చాలి?

గాల్లోకి విసిరే పళ్లేలను కాల్చే ట్రాప్ ఆటలో పాతిక తూటాలు కాల్చేసరికి భుజం కమిలి, చెంప మండుతుంటే తుపాకీ మార్చనక్కర్లేదు. చాలాసార్లు తప్పు కొలతలోనే ఉంటుంది.

ముందు తుపాకీ తెరిచి, లోపల తూటా లేదని కంటితో చూడండి. ట్రిగ్గర్ నుంచి బట్ (భుజానికి ఆనే వెనక కర్ర) చివరిదాకా కొలవండి. పెద్దవాళ్లకు సాధారణంగా 14 అంగుళాల అటూఇటూ సరిపోతుంది. భుజానికి ఎత్తినప్పుడు బొటనవేలి కణుపుకీ ముక్కుకీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. పొట్టిగా ఉంటే కణుపు ముక్కుకు కొడుతుంది. పొడుగైతే బట్ చివర చొక్కాకు తట్టుకుని, భుజం గుంటలో కాక చేతి కండ మీద కూర్చుంటుంది. కమిలేది అందుకే.

గట్టి ప్లాస్టిక్ బట్ ప్లేటు తీసి అంగుళం మందం మెత్తని రబ్బరు ప్యాడ్ వేయండి. అయితే పొడవు పెరుగుతుంది కాబట్టి, ఆ మేరకు కర్ర కోయించాలి. ఆ పని లైసెన్సున్న తుపాకీ మేస్త్రీకే వదలండి, కోసిన కర్ర తిరిగి రాదు. ప్యాడ్ స్క్రూలు రబ్బరు చీలికల లోపల ఉంటాయి. స్క్రూడ్రైవర్‌కు సబ్బు నీళ్లు రాస్తే రబ్బరు చిరగదు.

చెంప మండితే, చెంప ఆనే బట్ పైఅంచుకు 3 మిల్లీమీటర్ల అంటుకునే ఫోమ్ ప్యాడ్ చాలు. కన్ను పైకి లేస్తే గుళ్లూ పైకే వెళ్తాయి, కాబట్టి కాగితం మీద కాల్చి చూసుకోండి.

అన్నిటికంటే చవక: 28 గ్రాముల గుళ్లున్న తూటా మాని 24 గ్రాములది వాడటం.