పెద్దమ్మాయి గురించి మీరు రాసిన రెండు వాక్యాలు

ప్రశ్న: మేము ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటున్నాము. మాకు ఇద్దరు ఆడపిల్లలు. చిన్నమ్మాయికి 10 ఏళ్లు, అయిదో ఏటి నుంచి బ్యాలే నేర్చుకుంటోంది. సెప్టెంబరులో ఇయర్ 7లో (మన ఆరో తరగతి ఈడు) చేరడానికి ఒక బ్యాలే బోర్డింగ్ స్కూలుకు దరఖాస్తు చేస్తే మొదటి దశలో నెగ్గింది. వచ్చే నెలలో తుది ఆడిషన్. మా అత్తగారు తెనాలి నుంచి రోజూ ఫోన్ చేసి, కూచిపూడి ఉండగా ఆ కురచ బట్టల డాన్సేమిటి, ఇంత చిన్నపిల్లను హాస్టల్లో వేయడమేమిటి అంటున్నారు. మావారు ఎటూ తేల్చరు. ఒక ప్రైవేటు టీచరు ఈ నెలంతా రోజుకు 2 గంటలు శిక్షణ ఇస్తామని, పాయింట్ షూస్ కూడా వేయించి చూస్తామని అంటున్నారు. బరువు పెరగకుండా పిల్లకు రాత్రిపూట అన్నం మాన్పించి సలాడ్ పెడుతున్నాను. పెద్దమ్మాయికి 16 ఏళ్లు, మే నెలలో జీసీఎస్ఈ (ఇక్కడి పదో తరగతి లాంటి) పరీక్షలు, చాలా బుద్ధిమంతురాలు, నేను చిన్నదాన్ని క్లాసులకు తిప్పుతుంటే వంట తనే చూసుకుంటుంది, శనివారాలు కారు కుదరక వయొలిన్ మానేయవలసి వచ్చినా ఒక్క మాట అనలేదు. ఎందుకో దసరా నుంచి చెల్లెలికి జుట్టు ముడి వేయడం, షూస్‌కు ఎలాస్టిక్ కుట్టివ్వడం మానేసింది. మా అత్తగారికి ఎలా నచ్చజెప్పాలి? ఆ ప్రైవేటు శిక్షణ ఇప్పించమంటారా?
— ఒక తల్లి

జవాబు:

అమ్మా,

మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ ముందే జవాబు చెప్పేస్తాను. వాటి దగ్గర ఎక్కువసేపు ఆగవలసిన పని లేదు.

అత్తగారికి నచ్చజెప్పవలసింది మీరు కాదు, ఆమె కొడుకు. దాదాపు ఎనిమిదివేల కిలోమీటర్ల అవతల ఉన్న తల్లి ఆదుర్దాను భార్య చెవిన పడేసి తాను పక్కకు తప్పుకోవడం ఏ భర్తకూ తగదు. మనుమరాలు మన కళను వదిలేస్తోందన్న దిగులు ఆమెది అయితే, ఆయన ఆమెకు ఒక సంగతి చెప్పవచ్చు. మద్రాసులో కళాక్షేత్ర నాట్య సంస్థను 1936లో స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ ముందుగా నేర్చుకున్నది బ్యాలేనే. ప్రఖ్యాత రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర ఆమె ఆ పాఠాలు నేర్చుకున్నారు. మన నాట్యం వైపు చూడమని ఆమెను ప్రోత్సహించినది పావ్లోవాయే. కూచిపూడిలోనూ తరతరాలుగా సత్యభామ వేషం కట్టినది మగవారే కదా. వెంపటి చినసత్యంగారు మద్రాసులో 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఆడపిల్లలకు విరివిగా నేర్పిన తరువాతనే, ప్రతి ఊళ్లోనూ అమ్మాయిలు గజ్జె కట్టడం మామూలు విషయమయింది. హాస్టల్ సంగతికి వస్తే, ఆరో తరగతికే పిల్లలను నవోదయ విద్యాలయాలకు పంపిన కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. ఆ వయసు పిల్ల ఇల్లు వదలడం చిన్న విషయమని నేను అనను, కానీ ఆ నిర్ణయం తల్లిదండ్రులది, ఇద్దరూ కలిసి కూర్చుని తీసుకోవలసినది. ఫీజుల భయంతో ఆయన మౌనంగా ఉంటే ఆ మాటే బయటికి అనమనండి. ఇంగ్లండులో ఇటువంటి కొన్ని పాఠశాలలకు ప్రభుత్వపు మ్యూజిక్ అండ్ డాన్స్ పథకం కింద కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో సాయం అందుతుంది. మీరు దరఖాస్తు చేసిన చోట అది వర్తిస్తుందో లేదో ఒక్క ఫోన్‌తో తెలిసిపోతుంది.

ప్రైవేటు శిక్షణ వద్దు. ఈ వయసు పిల్లల ఆడిషన్‌లో పరీక్షకులు చూసేది ఎన్ని విన్యాసాలు వచ్చునన్నది కాదు. తుంటి కీలు ఎంత సహజంగా బయటికి తిరుగుతుంది, పాదం ఎలా సాగుతుంది, సంగీతాన్ని పిల్ల చెవిపెట్టి వింటుందా, ఒక తప్పు దిద్దితే మరుక్షణం దానిని శరీరంలోకి తెచ్చుకోగలదా అన్నవి చూస్తారు. కాళ్లు బయటికి తిరగవలసినది తుంటి దగ్గర. అక్కడ లేని తిరుగుడును నెల రోజుల్లో తెప్పించాలని పాదాలను బలవంతంగా తిప్పితే ఆ భారమంతా మోకాళ్ల మీద, చీలమండల మీద పడుతుంది. ఇక వేలి కొనల మీద నిలబడడానికి వేసుకునే పాయింట్ షూస్ సంగతి. మామూలుగా 11, 12 ఏళ్లు వచ్చాక, అదీ వయసును మాత్రమే చూసి కాక, ఏళ్ల తరబడి సాధనతో పాదాలకూ నడుముకూ బలం వచ్చిందని టీచరు తేల్చుకున్న తరువాతనే వేయిస్తారు. ఎముకలు ఇంకా ఎదుగుతున్న పిల్లను ఆడిషన్ కోసం నెల రోజుల్లో వేలి కొనల మీద నిలబెడతామన్న మనిషి గడప తొక్కకండి. అన్నం ఈ రాత్రి నుంచే మళ్లీ పెట్టండి. గంటల తరబడి సాధన చేసే పిల్లకు తిండి చాలకపోతే ముందు ముందు నెలసరి ఆలస్యమవుతుంది, ఎముకలు బలహీనపడతాయి. క్రీడాకారుల్లో ఈ శక్తి లోపం గురించి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే వైద్యులను హెచ్చరించింది. నృత్యం చేసే పిల్లల విషయంలోనూ అంతే. నెయ్యి వేసి, కడుపునిండా పెట్టండి.

మీ ప్రశ్నలకు జవాబులు ఇంతే. మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయిన చోటు వేరు.

పెద్దమ్మాయి గురించి మీరు రాసినది రెండే వాక్యాలు. బుద్ధిమంతురాలు, వంట చూసుకుంటుంది, ఒక్క మాట అనలేదు. మన ఇళ్లలో మొదటి సంతానంగా పుట్టిన ఆడపిల్లకు దక్కే మెప్పులన్నీ ఇవే, వీటిలో ఒక్కటి కూడా ఆ పిల్ల గురించి కాదు, ఆమె వల్ల మనకు కలిగే వెసులుబాటు గురించి. తరువాతి వాక్యాన్ని మీరు "ఎందుకో" అని మొదలుపెట్టారు. ఆ ఎందుకో మీ మనసుకు తెలుసునని నేను అనుకుంటున్నాను. తెలియకపోతే అత్తగారి గురించి, ఆడిషన్ గురించి రాయవలసిన ఉత్తరంలో ఆ మాటకు చోటే ఉండేది కాదు.

ఆమె మానేసిన పనులేమిటో ఒకసారి నిదానంగా చూడండి. బ్యాలే తరగతికి ముడి వేయడమంటే జుట్టు తడిపి, నుదుటి మీద ఒక్క వెంట్రుక కూడా లేవకుండా దువ్వి, బిగించి కట్టి, మెలితిప్పి చుట్టి, వల వేసి, చుట్టూ పిన్నులు గుచ్చాలి. ఆ కాసేపు అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా కూర్చుంటారు. షూకు ఎలాస్టిక్ కుట్టడం ఇంకా ఓపికతో కూడిన పని. మడమ భాగాన్ని లోపలికి మడిచి ఎక్కడ కుట్టాలో గుర్తు పెట్టుకోవాలి, లోపల నడిచే నాడా మీద సూది పడకుండా చూసుకోవాలి, పడితే షూను బిగించడానికి వీలుండదు. చెల్లెలి మీద ప్రేమ లేని పిల్ల ఈ పనులు చేయదు. దసరా వరకూ చేసింది. దసరా అంటే మీ ఇంట్లో ఆడిషన్ దరఖాస్తుల హడావుడి మొదలైన కాలం. వయొలిన్ ఆగినది కూడా ఆ రోజుల్లోనే అయి ఉంటుందని నా ఊహ.

ఇంకొక సంగతి. ఆమె వంట మానలేదు. మీరు అప్పగించిన పనిని అలాగే చేస్తోంది, ఎవరూ చెప్పకుండా తానుగా ఇష్టపడి చేసిన పనులను మాత్రమే వెనక్కి తీసుకుంది. అరవలేదు, అలగలేదు, తలుపులు విసిరికొట్టలేదు. తనకు చెందినదిగా ఆ ఇంట్లో మిగిలినది ఏదైనా ఉంటే, అది చెల్లెలికి ప్రేమతో చేసే ఆ రెండు చిన్న పనులే. వాటిని ఇవ్వడం ఆపేసి, ఆ పిల్ల మీకు చెప్పగలిగినంత మర్యాదగా చెప్పింది. ఇంత స్పష్టంగా చెప్పిన బిడ్డను ఒక్క మాట అనలేదని మీరు రాశారు.

"వద్దులే అమ్మా, పర్వాలేదు" అన్న పిల్ల మాటను మనం అంగీకారంగా లెక్కవేసుకుంటాము. చిన్నది ఏడిస్తే పరిగెడతాము, పెద్దది ఏడవదు కనుక ఆమె వాటాలోంచి తీసి చిన్నదానికి పెడతాము. అక్క అంటే అమ్మ తరువాత అమ్మ అని మనవాళ్లు ముచ్చటగా చెప్పుకుంటారు, ఆ ముచ్చట నాకు ఎన్నడూ మింగుడుపడలేదు. 16 ఏళ్ల పిల్ల ఎవరికీ అమ్మ కాదు. ఆమెకే ఇంకా అమ్మ కావాలి. ఆ బాధ్యత మీది, మీవారిది. చిన్నమ్మాయి ప్రతిభ ఎంత గొప్పదైనా, ఆ ప్రతిభకు అయ్యే ఖర్చును తల్లిదండ్రులు తమ నిద్రలోంచి, తమ డబ్బులోంచి, తమ సరదాల్లోంచి కట్టాలి గాని, ఇంకొక బిడ్డ బాల్యంలోంచి కట్టకూడదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

చిన్నమ్మాయి మేలు కోరే మాట కూడా ఇదే. ఆడిషన్‌లో ఆ పిల్ల ముందూ వెనకా అంకె గుచ్చుకుని, తెలియని పిల్లల మధ్య, బ్యాలే సాధనకు ఆసరాగా ఉండే అడ్డకర్రను పట్టుకుని నిలబడుతుంది, మీరు తలుపు బయట ఉంటారు. తన కోసం అక్క వయొలిన్ ఆగిపోయిందని, అక్క తనకు ముడి వేయడం మానేసిందని ఆ పదేళ్ల మనసుకు తెలుసు. ఆ అప్పు మోస్తూ నెగ్గినా అది పిల్లకు పూర్తి సంతోషం కాదు, నెగ్గకపోతే ఇంటిల్లిపాదికీ తానే నష్టం తెచ్చానని అనుకుంటుంది.

ఎంపిక అయినంత మాత్రాన దారి తిన్నగా సాగిపోదని కూడా మీకు తెలిసి ఉండాలి. రాయల్ బ్యాలే స్కూలునే తీసుకుంటే, రిచ్‌మండ్ పార్క్‌లోని వైట్ లాడ్జ్‌లో 11 నుంచి 16 ఏళ్ల వరకు చదివిన పిల్లలు సైతం కోవెంట్ గార్డెన్‌లోని పై విభాగంలో చోటు కోసం ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే వారితో పోటీ పడవలసిందే. ఏటేటా మదింపులు ఉంటాయి, శరీరం పెరిగే తీరు మారిపోతుంది, గాయాలవుతాయి. 13 ఏళ్లకో 16 ఏళ్లకో ఇంటికి తిరిగి వచ్చే పిల్లలు ఉంటారు. అలా రావలసి వస్తే మీ చిన్నమ్మాయికి అమ్మ ఓదార్పు కంటే అక్క పక్కన ఒక మంచం ఎక్కువ అవసరమవుతుంది. అలాగే ఈసారి చోటు రాకపోతే లోకం మునిగిపోదు. అమెరికన్ బ్యాలే థియేటర్‌లో 2015లో ప్రిన్సిపల్ స్థాయికి చేరిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ మిస్టీ కోప్‌లాండ్ బ్యాలే మొదలుపెట్టినదే 13 ఏళ్లకు. అది అరుదైన ఉదాహరణే, ఒప్పుకుంటాను. కానీ పదకొండో ఏట తెరుచుకోని తలుపు ఇక ఎన్నటికీ తెరుచుకోదన్న భయంతో మీ ఇల్లు నడుస్తోంది, ఆ భయానికి ఆధారం లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రాబోయే రెండు మూడు నెలలు. ఆడిషన్ ఫలితం వచ్చేది దాదాపుగా పెద్దమ్మాయి పరీక్షలకు చదువుకునే కాలంలోనే. చోటు వస్తే ట్రంకుపెట్టెలు, యూనిఫారాలు, బంధువుల ఫోన్లు. రాకపోతే మీ దుఃఖం. ఎటు తిరిగినా ఇల్లంతా మళ్లీ చిన్నదాని చుట్టూనే తిరుగుతుంది, పెద్దది తన గదిలో పుస్తకం ముందు ఒంటరిగా కూర్చుంటుంది. ఫలితం ఏదైనా సరే, ఆ సాయంత్రం పూట గడిచాక దాని గురించి ఆమె ఎదుట చర్చ పెట్టకండి, చెల్లెలిని ఓదార్చమని ఆమెను పంపకండి.

ఇప్పటి నుంచి పరీక్షలు అయ్యేవరకు ఆమె వంటింట్లోకి పనికోసం రాకూడదు. మీకు వీలుకాని రోజున మీవారు వండుతారు, ఆయనకు వంట రాకపోతే అన్నం వండి పెరుగు, పచ్చడి వేసుకుంటారు. శనివారం చిన్నమ్మాయిని తరగతికి ఆయన తీసుకువెళ్లాలి. ముడి వేయడం ఆయన నేర్చుకోవచ్చు, నేర్చుకునే తండ్రులు ఇప్పుడు చాలామంది ఉన్నారు, అందాకా చిన్నమ్మాయే తన ఎలాస్టిక్ తాను కుట్టుకోవడం మొదలుపెట్టవచ్చు. బోర్డింగ్‌కు వెళ్లే పిల్లకు ఆ పని ఎలాగూ రావాలి.

ఆ శనివారం మీరు ఇంట్లో ఉండండి. పెద్దమ్మాయి గదిలోకి వెళ్లి చెల్లెలికి ముడి ఎందుకు వేయడం లేదని నిలదీయకండి, పరీక్షల పాఠం చెప్పకండి, నీకు మాత్రం తక్కువ చేశామా అన్న మాట అసలే రానివ్వకండి. నీ శనివారాలను నిన్ను అడగకుండా తీసేసుకున్నాను, అది నాదే తప్పు అని ఆమెతో అనండి. ఆమె వెంటనే కరిగిపోతుందని ఆశించవద్దు. మొదట "ఏం లేదమ్మా" అంటుంది, బహుశా కోపం కూడా బయటికి వస్తుంది. నేనింత కష్టపడుతుంటే అని అడ్డుపడకుండా వినండి. చెల్లెలికి మళ్లీ ముడి వేయమని మాత్రం మీ నోటితో ఎన్నడూ అడగకండి. అది తిరిగి వస్తే అక్కాచెల్లెళ్ల మధ్య వాళ్లంతట వాళ్లుగా రావాలి.

ప్రైవేటు శిక్షణకని అనుకున్న డబ్బు మీ దగ్గరే ఉంటుంది కదా. పరీక్షలు అయ్యాక వయొలిన్ మళ్లీ మొదలుపెట్టాలని ఉందా అని పెద్దమ్మాయిని అడగండి. ఉందంటే, పాత టీచరుకే తనను ఫోన్ చేయమనండి, వాళ్లు చెప్పిన వేళకు తగినట్టుగా కారు సర్దుబాటు చేయండి. వద్దంటే సరేనని లేచిపోకండి, ఒక వారం ఆగి మళ్లీ అడగండి.